పట్టము చిన్నది, ప్రజ్ఞ పెద్దది

మార్కుల పట్టికను జూచి మనుష్యుని విలువ నిర్ణయించువారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము నొకమారు స్మరింపవలెను. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన ఈ ఆంధ్రుడు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థుడయ్యెను.

మదరాసు వైద్య కళాశాలలో చదువునాళ్లలో మహాత్ముని పిలుపు నాలకించి ఆయన ఖద్దరు ధరించెను. శస్త్రచికిత్స బోధించు దొరకు అది కంటగింపయ్యెను. పరీక్షలు బాగుగ వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, అంతకు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సర్కారు వైద్యశాఖలో చోటు దొరకక, ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధించెను.

పిమ్మట మామగారి సాయమును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ విరాళమును పొంది, భార్యను స్వదేశమున విడిచి, అమెరికాలోని హార్వర్డు చేరెను. అచట ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరీ చేయుచు చదివెను. 1925లో ఫిస్కె పండితునితో గూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతి కనిపెట్టెను. 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో దేహమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. వారి పరిశోధనవలన వెలుగుచూచెను. 1930లో గాని డాక్టరేటు రాలేదు. ప్రజ్ఞ ముందు నడచెను, పట్టము వెనుక వచ్చెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించి ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందు, క్యాన్సరు మందులు లోకమున కందుటకు కారకుడై, 1948 ఆగస్టులో దివంగతుడయ్యెను.

నేడు మన దేశమున నాలుగేండ్ల పట్టభద్రుడు నేరుగా పి.హెచ్.డి.లో చేరవలెనన్న 2022 నాటి యూజీసీ నిబంధనలనుబట్టి సామాన్యముగా 75 శాతము మార్కులుండవలెను. వేలమంది పోటీపడుచోట జల్లెడ యవసరమే, మేము కాదనము. శ్రద్ధలేనివానిని మార్కులు పట్టియిచ్చును. కాని పరీక్షకుని పక్షపాతమును, ఇంటి పేదరికమును, పరభాషలో చదువుకొను కష్టమును అవి చెప్పవు. ఆ గీటుకు ఒక్క మార్కు తగ్గిన మరొక సుబ్బారావు వాకిటనే నిలిచిపోవును.

కావున విశ్వవిద్యాలయములు మార్కులతోబాటు విద్యార్థి ప్రయోగశాలలో చేసిన పనిని, గురువు వ్రాసిన యోగ్యతాపత్రమును, వాని ప్రశ్నలోని పదునును జూడవలెను. జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతముల తలిదండ్రులకు మా మనవి యొక్కటే: మార్కులు తగ్గినవని బిడ్డ చదువు మాన్పింపకుడు. భీమవరపు తల్లి రెండుమారులు తప్పిన కుమారుని మూడవమారు పరీక్షకు పంపెను. ఆ ఫలము లోకమంతయు అనుభవించుచున్నది.