బ్రౌను దొర తెలుగు నేర్చిన తీరు

చార్లెస్ ఫిలిప్ బ్రౌను పేరు వినని తెలుగు విద్యార్థి యుండడు. వేమనను వెలికి తెచ్చెననియు, నిఘంటువు కూర్చెననియు అందరు నెరుగుదురు. ఆయన తెలుగు నెట్లు నేర్చెనను సంగతి మాత్రము అంతగా ప్రచారములో లేదు. ఇంట ఉర్దూ మాట్లాడి కళాశాలలో తెలుగు చదువు మన విద్యార్థులకు ఆ సంగతియే ఎక్కువ పనికివచ్చునని నా అభిప్రాయము.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. హీబ్రూ, గ్రీకు, లాటిను, అరబీ, పారసీ, హిందూస్థానీ భాషలతో బాలునికి ఇంటనే పరిచయ మేర్పడెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. హెయిలీబరీ కళాశాలలో చదివి, కంపెనీ కొలువుకై 1817 ఆగస్టులో బ్రౌను మద్రాసులో దిగెను. ఇన్ని భాషలు తెలిసిన యువకునికి తెలుగు ముక్క రాదు! అక్కడ వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు ఆరంభించెను.

1820లో కడపలో ఉద్యోగమున చేరిన పిమ్మట గాని అసలు చదువు మొదలు కాలేదు. రైతులు, కరణములు కచేరిలో మాట్లాడు తెలుగు వేరు. పండితులు పాఠము చెప్పు తెలుగు వేరు. బ్రౌను రెంటిలో దేనిని విడువలేదు. పిదప ఆయన కూర్చిన నిఘంటువులో కావ్యముల మాటల ప్రక్కనే వాడుక మాటలు కూర్చున్నవి. బజారు తెలుగు ధారాళముగా మాట్లాడు ఉర్దూ విద్యార్థి పద్యము చూడగానే బెదరుట నా తరగతిలో చూచినప్పుడెల్ల నాకా కడప కచేరి స్ఫురించును.

వచ్చిన భాష రాని భాషకు తోడ్పడునా, అడ్డుపడునా? బ్రౌను విషయమున తోడ్పడినదనియే చెప్పవలెను. జిల్లా, తాలూకా, వసూలు, హుకుం, దస్తావేజు, వకీలు: ఈ మాటలు ఆయనకు చిన్ననాటి చుట్టములు. కాని చుట్టములు ఊరు మారినప్పుడు తీరును మార్చుకొందురు. రాజీనామా యన్నది ఉర్దూలో ఒడంబడిక పత్రము. తెలుగులో ఉద్యోగము వదలుకొనుట. ఉర్దూ వచ్చినవాడే ఇచ్చట తడబడును. పండితులు అన్యదేశ్యములని త్రోసిపుచ్చిన ఇట్టి మాటలకు బ్రౌను ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువునే కూర్చి 1854లో ప్రకటించెను. ఆయన కృషిలో నాకు మిక్కిలి ప్రియమైన దిదియే.

1821లోనే కడపలో తెలుగు, హిందూస్థానీ ఉచితముగా నేర్పు పాఠశాలలు పెట్టించెను. 1829లో వేమన పద్యములు, 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. నడుమ ఉద్యోగము పోయిన కాలమును కలదు, అప్పులును కలవు. అయినను పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించుట మానలేదు.

1855లో స్వదేశమునకు మరలి, లండనులో తెలుగు ఆచార్యుడుగా నుండి, అవివాహితుడుగానే 1884 డిసెంబరు 12న కన్నుమూసెను. కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయమున్నది.