దోమ దేహంలో దాగిన గుట్టు.. బేగంపేటలో విప్పిన రాస్

సికింద్రాబాద్: మలేరియా అన్న మాటకు చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల నుంచి లేచే విషవాయువులే ఈ జ్వరానికి మూలమని శతాబ్దాల తరబడి లోకం నమ్మింది. ఆ నమ్మకాన్ని కూలదోసే తొలి ఆధారం లభించిన చోటు బేగంపేట. వెన్నెముక లేని ఒక చిన్న కీటకాన్ని కోసి, దాని కడుపు గోడలో రోగం జాడ పట్టుకున్న సైనిక వైద్యుడు సర్ రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న జరిగిన ఆ ఆవిష్కరణకు గుర్తుగా ఏటా అదే తేదీన ప్రపంచ దోమల దినం పాటిస్తున్నారు.

సాహిత్యం నుంచి వైద్యానికి..

రాస్ 1857 మే 13న హిమాలయ సానువుల్లోని అల్మోరాలో జన్మించారు. తండ్రి భారత సైన్యంలో ఉన్నతాధికారి. ఎనిమిదో ఏట చదువు నిమిత్తం ఇంగ్లండు వెళ్లిన రాస్‌కు కవిత్వం, సంగీతం, గణితాలపైనే మక్కువ ఉండేది. అయినా తండ్రి అభీష్టం మేరకు లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు.

మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవి ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే కనుగొన్నారు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందన్నది మాత్రం అంతుచిక్కలేదు. 1894లో సెలవుపై లండన్ వెళ్లిన రాస్‌కు ప్యాట్రిక్ మాన్సన్ ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపించి, దోమలను పరిశీలించమని సూచించారు. దోమలు పడి చచ్చిన నీటిని తాగడం వల్ల రోగం వస్తుందేమోనన్నది మాన్సన్ ఊహ.

రెండేళ్ల నిష్ఫల శ్రమ

1895లో సికింద్రాబాద్ చేరిన రాస్‌కు దోమ అంతర్నిర్మాణం గురించి చెప్పే గురువు గానీ, సరైన గ్రంథం గానీ లేవు. దొరికిన దోమనల్లా కోసి, ఏ అవయవం ఎక్కడ ఉందో తానే తెలుసుకున్నారు. పరీక్షించినవి ఎక్కువగా బూడిదరంగు దోమలు, చారల దోమలు. వాటిలో మలేరియా క్రిమి పెరగదు. ఆ సంగతి తెలియక రెండేళ్లు గడిచిపోయాయి. మధ్యలో ఆయనే మలేరియా బారిన పడ్డారు.

1897 ఆగస్టులో సహాయకులు తెచ్చిన లార్వాల నుంచి మచ్చల రెక్కల దోమలు వెలువడ్డాయి. అవే అనాఫిలిస్ జాతి దోమలు. హుసేన్ ఖాన్ అనే రోగి ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకుని వాటిచేత కుట్టించుకున్నారు. విసనకర్ర గాలికి దోమ భాగాలు ఎగిరిపోతాయని రాస్ ఉక్కపోతను భరిస్తూనే పని సాగించారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి.

కుట్టిన నాలుగు రోజులకు, ఆగస్టు 20న కోసిన దోమ జీర్ణాశయపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటి వ్యాసం సుమారు 12 మైక్రాన్లు. మలేరియా క్రిమికి గుర్తైన నల్లని రేణువులు వాటిలో ఉన్నాయి. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెద్దవిగా ఉండటంతో అవి పెరుగుతున్న పరాన్నజీవులేనని రాస్ గ్రహించారు.

కడుపు నుంచి లాలాజలానికి

ఆ వెంటనే రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ కావడంతో పరిశోధనకు అంతరాయం కలిగింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పని చేసే అవకాశం దక్కింది. జీర్ణాశయపు గోడపై పెరిగిన బుడిపెలు పగిలి, వేలాది సూక్ష్మజీవులు బయటపడటం చూశారు. మనిషిలో వలె దోమ రక్తం నాళాలలో ప్రవహించదు. దేహకుహరంలోని ద్రవంలోనే అవయవాలన్నీ మునిగి ఉంటాయి. ఆ ద్రవం ద్వారానే క్రిములు ఎదభాగంలోని లాలాజల గ్రంథులకు చేరుతున్నాయని 1898 జూలైలో తేల్చారు.

దోమ తుండంలో రక్తం పీల్చే దారి వేరు, లాలాజలం వదిలే దారి వేరు. కుట్టినప్పుడు రక్తం గడ్డకట్టకుండా వదిలే లాలాజలంతో పాటే క్రిములు లోపలికి వెళతాయి. తాగునీటి ఊహ దీంతో వీగిపోయింది. ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను దోమలచేత కుట్టించి రాస్ దీన్ని నిరూపించారు. మనుషుల మలేరియాలో ఈ చక్రాన్ని అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం పూర్తిగా నిరూపించింది. ఘనత ఎవరిదన్న వివాదం ఇద్దరి మధ్య జీవితాంతం సాగింది.

నోబెల్ గౌరవం

1902లో రాస్‌ను నోబెల్ బహుమతి వరించింది. 1911లో సర్ బిరుదు లభించింది. దోమలు పెరిగే నీటిని తొలగించడమే మలేరియాకు విరుగుడని పలు దేశాలు తిరిగి ప్రచారం చేసిన ఆయన 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో కన్నుమూశారు. ఆయన పరిశోధన సాగించిన బేగంపేట భవనం తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఆయన పేరిట పరాన్నజీవి శాస్త్ర సంస్థగా మారింది.

2023లోనూ ప్రపంచవ్యాప్తంగా సుమారు 6 లక్షల మంది మలేరియాకు బలయ్యారు. నీరు నిలవనీయకపోవడం, దోమతెర కట్టుకోవడం వంటి జాగ్రత్తలకు పునాది వేసినది దోమ కడుపు గోడపై రాస్ గుర్తించిన ఆ కణాలే. ఆ ఘనతలో రాస్‌తో పాటు, అణాల కోసం చేయి చాపి దోమలకు రక్తమిచ్చిన హుసేన్ ఖాన్‌కూ భాగముంది.