ఒకే కోర్టు, ఒకే సారా కేసు... ప్రతిసారీ కొత్త కథ రాసిన వకీలు రావిశాస్త్రి

చీపురుపల్లి: క్రైమ్ నవలలు వరసగా చదివేవారికి ఈ సంగతి అనుభవమే. మొదటి పుస్తకం ఒక్క రాత్రిలో అయిపోతుంది. రెండోదీ బాగానే ఉంటుంది. నాలుగోదానికి వచ్చేసరికి హంతకుడెవరో ఇరవయ్యో పేజీలోనే తెలిసిపోతుంది. అమెరికాలో ఎర్ల్ స్టాన్లీ గార్డనర్ పెర్రీ మేసన్ అనే లాయర్‌ని పెట్టుకుని 1933 నుంచి 80కి పైగా నవలలు రాశాడు. గార్డనర్ కూడా వకీలే. అతని పుస్తకాల్లో హత్య మారుతుంది, శవం మారుతుంది. లాయరు మాత్రం మారడు, దాదాపు ప్రతిసారీ గెలుస్తాడు కూడా.

మన ఉత్తరాంధ్రలో ఇంకో వకీలు దీన్ని పూర్తిగా తిరగేశారు. కేసు మార్చలేదు, కోర్టు మార్చలేదు. చూసే మనిషిని మార్చారు. ఆయనే రాచకొండ విశ్వనాథశాస్త్రి, అందరూ పిలిచే పేరు రావిశాస్త్రి.

ఆయన 1922 జూలై 30న శ్రీకాకుళంలో పుట్టారు. సొంతూరు అనకాపల్లి దగ్గర తుమ్మపాల. తండ్రి నారాయణమూర్తి గారు వకీలు. తల్లి సీతమ్మ గారికి సాహిత్యం అంటే ప్రాణం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి, 1946లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా డిగ్రీ తీసుకున్నారు. తాతగారి దగ్గర పని నేర్చుకుని 1950లో విశాఖపట్నంలో సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. 1952లో రాసిన అల్పజీవి నవలతో పేరొచ్చింది. అందులో సుబ్బయ్య అనే గుమస్తా తన నీడకి తానే భయపడతాడు. పుస్తకమంతా అతని బుర్రలోనే నడుస్తుంది.

ఆయన దగ్గరికి వచ్చే కేసులు మాత్రం పెద్ద హత్యలేం కావు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి అన్ని జిల్లాల్లో మద్య నిషేధం వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా కోస్తాలో ఆ చట్టం నడిచింది. సారా కాయడం నేరం, అమ్మడం నేరం, తాగడం నేరం. కోర్టులో రోజూ అవే కేసులు, అదే పోలీసు సాక్ష్యం, అదే జరిమానా. ఇంకొకరైతే ఇందులో రాయడానికి ఏముందని వదిలేసేవారు. ఆయన 1960ల్లో ఆరు సారా కథలు రాశారు.

వాటిలో అందరికీ గుర్తుండేది మాయ. కోర్టుకి కొత్తగా వచ్చిన కుర్ర వకీలు, సారా కేసులో దొరికిన ముత్యాలమ్మ అనే పల్లెటూరి మనిషి. వకీలు ఆమెకి చట్టం చెప్పాలి కదా? కథలో పాఠం చెప్పేది ఆమె, నేర్చుకునేది అతను. పోలీసు ఎలా పనిచేస్తాడు, కోర్టులో ఎవరికి ఎంత ముడుతుంది, ఇదంతా ఆమె తన యాసలో చెబుతూపోతుంది. మన ఇళ్లలో సారా హరామ్. ఈ కథలు దాన్ని మెచ్చుకోవు, అలాగని తాగొద్దని ఉపన్యాసం కూడా ఇవ్వవు. చట్టం ఒక్కటే అయినప్పుడు దొరికేవాళ్లు ఎప్పుడూ బీదవాళ్లే ఎందుకవుతున్నారన్నదే వీటి గొడవ.

ఉర్దూ తెలిసినవారికి ఇక్కడ ఇంకో విషయం తడుతుంది. విజయనగరం కోర్టుకి వాయిదాకి వెళ్లొచ్చినవాళ్లు రోజూ వినే మాటలే: వకీలు, వకాల్తా, జామీను, హాజరు, జప్తు. ఇవన్నీ మన ఇళ్ల మాటలే. ఒక్క ముద్దాయి మాత్రం తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగు కోర్టులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. రావిశాస్త్రి కథల్లో బోనెక్కినవాళ్లని చూస్తే ఉర్దూ అర్థమే సరిగ్గా కుదురుతుంది. నిజంగా ఫిర్యాదు చేయాల్సినవాళ్లు వాళ్లే.

రెండో సంపుటికి ఆరు సారో కథలు అని పేరు పెట్టారు. సారా కాస్తా సారో అయ్యింది, అందులో ఇంగ్లీషు దుఃఖం వినిపిస్తుంది. పేరొక్కటే కాదు, పద్ధతి కూడా మార్చుకుంటూ వెళ్లారు. ఒక కథ వకీలు వైపు నుంచి, ఒకటి పోలీసు వైపు నుంచి, ఇంకొకటి నేరం మోపబడ్డ మనిషి నోటి నుంచి. ఋక్కులు కథలకైతే శ్రీశ్రీ కవితలో వచ్చే చిన్న చిన్న వస్తువుల పేర్లే తీసుకున్నారు. అగ్గిపుల్ల మీద కథ ఏంటని నవ్వుకుని మొదలుపెట్టినవాళ్లు చివరికి నవ్వలేరు. అన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని కాదు. కొన్నిచోట్ల ఉపమానాల మీద ఉపమానాలు పడి కథ నడక మందగిస్తుంది. కానీ చదివిన కథే మళ్లీ చదువుతున్నామని మాత్రం అనిపించదు.

దీనికి సగం కారణం భాష. పుస్తకాల తెలుగు ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ప్రతి మనిషికీ ఒక్కో మాట తీరు. ఆయన మనుషులు నోరు తెరిస్తే చాలు, ఎవరు ఎవరో తెలిసిపోతుంది. సొమ్ములు పోనాయండి అనే పేరు వింటే బయటి జిల్లాలవాళ్లకి నగలు గుర్తొస్తాయి. ఇటు చీపురుపల్లి వైపు పల్లెల్లో సొమ్ములంటే గొడ్డూగోదా అని పిల్లలకి కూడా తెలుసు.

రచయిత రాసింది మంచికి చెరుపు చేయకూడదు, చెడుకి సాయపడకూడదన్నది ఆయన పట్టుదల. బహుశా అందుకేనేమో, తేలికైన ముగింపు దొరికినా తీసుకోలేదు. పెర్రీ మేసన్ చివరి పేజీలో హంతకుణ్ణి పట్టిస్తాడు, పాఠకుడు హాయిగా నిద్రపోతాడు. రావిశాస్త్రి కథల్లో తీర్పు వచ్చాక కూడా నేరం ఎక్కడుందో తేలదు. పెద్ద నవలలు రెండు, రాజు-మహిషి, రత్తాలు-రాంబాబు, ముగియకుండానే ఉండిపోయాయి. వకీళ్లు, దొంగలు, పోలీసులు, డబ్బున్నవాళ్లు అందరూ అందులో ఉన్నారు. వాళ్ల కేసులు అలాగే పెండింగులో ఉన్నాయి.

ఆయన 1993 నవంబర్ 10న కన్నుమూశారు.