రెబెక్కా లాన్స్‌ఫీల్డ్

బడి ఈడు పిల్లలకు గొంతునొప్పి, జ్వరం రావడం, నాలుగు రోజులలో తగ్గిపోవడం ప్రతి ఇంటా ఎరిగిన సంగతే. అట్టి గొంతునొప్పులలో కొన్నింటికి కారణం స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి. దానికి తగిన చికిత్స జరగనిచో కొందరు పిల్లలకు రెండు మూడు వారాల పిదప కీళ్లవాత జ్వరం సోకి, గుండె కవాటాలు శాశ్వతంగా చెడిపోవచ్చును. తగ్గిన జబ్బు అదే బిడ్డకు మరల మరల ఎందుకు వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానం కనుగొన్న విదుషీమణి రెబెక్కా లాన్స్‌ఫీల్డ్.

ఆమె 1895 జనవరి 5న న్యూయార్క్ నగరంలోని స్టేటన్ ద్వీపంలో ఒక సైనికాధికారి కుమార్తెగా జన్మించారు. 1916లో వెల్‌స్లీ కళాశాల నుండి పట్టభద్రురాలై, ఒక బాలికల పాఠశాలలో కొంతకాలం ఉపాధ్యాయినిగా పనిచేశారు. తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం అభ్యసించి, 1918లో రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆస్వాల్డ్ ఏవరీ వద్ద సహాయకురాలిగా చేరారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. సైనిక శిబిరాలలో తట్టు సోకిన యువకులు స్ట్రెప్టోకాకస్ వలన న్యుమోనియా పాలై మరణించుచుండిరి. ఆ శిబిరాల నుండి వచ్చిన నమూనాలను పరీక్షించగా, ఒకే విధంగా కనిపించు ఆ జీవులలో వేర్వేరు రకాలున్నవని తేలినది.

ఆ భేదానికి మూలం సూక్ష్మజీవి ఉపరితలంపై సన్నని నూగువలె నిలిచియుండు ఒక మాంసకృత్తు అని 1928 నాటికి ఆమె నిరూపించారు. దానికి ఎం ప్రోటీను అని పేరు. ఇది ఉన్నంతవరకు తెల్ల రక్తకణాలు ఆ క్రిమిని సులువుగా మింగలేవు. మన రక్తంలోని కొన్ని పదార్థాలనే తనపై కప్పుకొని, దేహరక్షణ వ్యవస్థ కన్నుగప్పు విద్య దీనికి తెలియును! శరీరం ఆ ప్రోటీనుకు ప్రతిరక్షకాలను తయారుచేసుకొన్న పిమ్మట ఆ రకం క్రిమి ఆటలు సాగవు. ఆ రక్షణ ఏండ్ల తరబడి నిలుచునని కూడ ఆమె చూపారు. కాని ఒక తాళానికి చేసిన చెవి మరొక తాళాన్ని తెరవనట్లు, ఒక రకానికి పుట్టిన ప్రతిరక్షకాలు మరొక రకాన్ని సాధారణంగా అడ్డలేవు. నేడు రెండు వందలకు పైగా రకాలు గుర్తింపబడినవి. బిడ్డకు జబ్బు తిరగబెట్టడంలోని రహస్యమిదే.

మరియొక చిక్కు కలదు. ఎం ప్రోటీనులోని కొన్ని భాగాలు గుండె కండరంలోని మాంసకృత్తులను పోలియుండుటచే, క్రిమిపై లేచిన ప్రతిరక్షకాలు సొంత గుండెకే హాని చేయగలవని తదుపరి పరిశోధకులు గ్రహించారు. టీకా తయారీకి ఇదొక పెద్ద అవరోధమైనది.

1933లో ఆమె ప్రకటించిన ఎ, బి, సి మొదలగు వర్గీకరణను ప్రయోగశాలలు నేటికీ వాడుచున్నవి. ఇంతటి పనికి గుర్తింపు మాత్రం ఆలస్యంగానే లభించినదనక తప్పదు. అమెరికా ఇమ్యునాలజిస్టుల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైనది 1961లో. జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వం దక్కినది 1970లో, అప్పటికామెకు డెబ్బది అయిదేండ్లు. పదవీ విరమణానంతరం కూడ ప్రయోగశాలకు వచ్చుచునే యుండిరి. 1980 చివరలో తుంటి ఎముక విరిగిన పిదపనే ఆ రాకపోకలు ఆగినవి. 1981 మార్చి 3న ఆమె కన్నుమూశారు.