ఖీవీ అమ్మ వడ్డించిన బంతి

వంటింటి చాకిరీకి పేరెక్కడిదని నిట్టూరుస్తుంటాం కదా! మాతా ఖీవీ గురించి తెలుసుకున్నాక నాకు కాస్త ధైర్యమొచ్చింది.

ఆమె సిక్కుల రెండో గురువు అంగద్ గారి ఇల్లాలు. 1539లో ఆయన గురువయ్యాక పంజాబులోని ఖడూర్‌లో లంగరు, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే వంటశాల, ఆవిడే చూసుకున్నారు. ప్రార్థన పక్కనే పొయ్యి. ఏ కులం వారికైనా ఒకే బంతిలో నేతి పాయసం. 1582లో కన్నుమూశారు. గురుపత్నులందరిలో గురుగ్రంథ సాహిబ్‌లో పేరెక్కింది ఆవిడొక్కరిదే.

మా గరిడేపల్లి వైపు కులానికో బంతి వేసిన రోజులు పెద్దవాళ్లకింకా గుర్తే. హైదరాబాదు అమీర్‌పేట గురుద్వారాలో ఈనాటికీ ఎవరు వెళ్లినా ఒకే వరుసలో భోజనం. దేవుడి ముందు అందరం సమానమనడం తేలికే. పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టడమే కష్టం. ఆ కష్టమైన పని ఒక ఇల్లాలు గరిటె పట్టుకుని చేసి చూపించారు!