శిలలలో కాలాన్ని చదివిన విలియం కింగ్

హైదరాబాదు నుంచి జహీరాబాదుకు దూరం సుమారు 100 కిలోమీటర్లు. ప్రయాణానికి పట్టేది కొద్ది గంటలే. కాని భూమి చరిత్రను బట్టి చూస్తే ఆ బాట 240 కోట్ల సంవత్సరాలను దాటిపోతుంది. హైదరాబాదు పరిసరాలలోని బండరాళ్ల గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరాలనాటి గ్రానైటు శిలలు. పడమరగా సాగి జహీరాబాదు చేరేసరికి ఆ గుట్టలు మరుగై, ఎర్రని నేల, దాని అడుగున నల్లరాయి ఎదురవుతాయి. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భం నుంచి పొంగి పరచుకొన్న లావా గడ్డకట్టి ఏర్పడినది. దానినే దక్కను ట్రాపు అంటారు. దాని పైభాగం యుగాల తరబడి ఎండవానలకు జీర్ణించి ఎర్రని లాటరైటుగా మారింది.

ఈ రెండు శిలల నడుమ గడచిన కాలం ఏమైనట్లు? గ్రంథంలో మొదటి పుటలూ చివరి పుటలూ మిగిలి, నడిమి పుటలు చినిగిపోయినట్లున్నది ఇక్కడి నేల. అదృష్టవశాన ఆ పుటలలో అనేకం తెలుగునాటనే ఇతర ప్రాంతాలలో భద్రంగా ఉన్నాయి. వాటిని వెదకి వరుసపెట్టిన వారిలో అగ్రగణ్యుడు డాక్టర్ విలియం కింగ్. సింగరేణి బొగ్గు చరిత్ర చదివిన వారందరికీ ఆయన పేరు పరిచితమే. కాని బొగ్గు ఆయన జీవిత కృషిలో ఒక అధ్యాయం మాత్రమే.

కింగ్‌కు శిలలతో చెలిమి ఇంటనే అబ్బింది. తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆయన ఐర్లండులోని గాల్వే క్వీన్స్ కళాశాలలో భూగర్భశాస్త్ర ఆచార్యులు. ఇంగ్లండులోని పెర్మియన్ శిలాజాలను గురించి 1850లో ప్రామాణిక గ్రంథం వెలువరించిన పండితులు. రష్యాలోని పెర్మ్ ప్రాంతాన్ని బట్టి 1841లో ఒక కాలానికి పెర్మియన్ అని పేరుపెట్టారు.

భూచరిత్రను కాలాలుగా విభజించడానికి ఆధారమేమి? అవక్షేప శిలలు పొరలు పొరలుగా ఏర్పడుతాయి. చెదరని చోట అడుగు పొర ముందుది, పై పొర తరువాతది. ఒక్కొక్క పొరలో ఆనాటి జీవుల శిలాజాలు నిలిచి ఉంటాయి. ఆ జీవకోటి మారిన చోట శాస్త్రజ్ఞులు కాలానికి హద్దు గీశారు. ఆ విధంగా పురాజీవ, మధ్యజీవ, నవ్యజీవ మహాయుగాలు ఏర్పడినాయి. పురాజీవ మహాయుగానికి చివరి కాలమే పెర్మియన్. దాని అంతాన సముద్రజీవులలో అత్యధిక జాతులు నశించాయి. అయితే ఆనాటి విద్వాంసులకు వరుస తెలుసునే గాని, సంవత్సరాల లెక్క తెలియదు.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో నెలకొన్నది. కింగ్ 1857లో అందులో చేరి మద్రాసు రాజధానిలో పని ప్రారంభించారు. 1863 సెప్టెంబరు 28వ తేదీన ఆయన, సహచరుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ కలసి మద్రాసుకు వాయవ్యంగా ఉన్న అత్తిరంపాక్కంలో ఆదిమానవుని రాతి పనిముట్లను కనుగొన్నారు. మరుసటి ఏడు, 1864లో, తండ్రి కింగ్ యూరపులో దొరికిన ప్రాచీన అస్థికలను ప్రత్యేక మానవజాతికి చెందినవిగా నిర్ణయించి, నియాండర్తల్ మానవునికి శాస్త్రీయనామం ప్రకటించారు. మానవుని ప్రాచీనతను విశదీకరించే మహత్కార్యంలో తండ్రీకొడుకులిద్దరికీ పాలు దక్కడం విశేషం.

తరువాత కింగ్‌కు లభించిన పరీక్ష కఠినమైనది. కడప, కర్నూలు మండలాల శిలలలో కాలాన్ని తెలిపే శిలాజాలు ఆయనకు చిక్కలేదు. అప్పుడు ఏ పొరపై ఏ పొర ఉన్నది, ఏది ఒరిగినది, ఒరిగిన పొరలు కోసుకుపోగా వాటిపై కొత్త పొర ఎక్కడ పరచుకొన్నది అని అడుగడుగునా పరిశీలించడమొక్కటే మార్గం. ఆయన ఆ మార్గాననే నడచి, కడప శిలలు ముందువనీ, కర్నూలు శిలలు వాటి తరువాతవనీ తేల్చారు. కడప శిలలలోని విభాగాలకు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని మన నదుల పేర్లూ కొండల పేర్లూ పెట్టారు. ఆ గ్రంథం 1872లో వెలువడింది. ఆ శిలలలో పురాతనమైనవి సుమారు 190 కోట్ల సంవత్సరాలనాటివని నేడు తెలిసింది. వేంపల్లె సున్నపురాతిలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా నిర్మించిన స్ట్రొమటోలైట్లు కూడా ఉన్నాయి. మన ప్రాంతంలో జీవానికి మిక్కిలి ప్రాచీనమైన గుర్తులలో అవి చేరుతాయి.

ఇక బొగ్గు కథ. భద్రాచల యాత్రికులు పొయ్యికి పెట్టుకొన్న నల్లరాళ్లు నిప్పంటుకొన్నాయని ఇల్లందు ప్రాంతంలో ప్రజలు చెప్పుకొంటారు. రాయి మండినంత మాత్రాన గని ఏర్పడదు. బొగ్గు ఏ పొరలో ఉంటుందో, ఆ పొర ఎక్కడ తొంగిచూస్తుందో, ఎక్కడ పై ఇసుకరాతి కింద దాగి ఉంటుందో తెలియాలి. అందుకు కావలసింది కాలక్రమ జ్ఞానం. కింగ్ 1871లో అక్కడి బొగ్గును గుర్తించారు. సమీపంలోని సింగరేణి గ్రామం పేరు ఆ క్షేత్రానికి స్థిరపడింది. అది పెర్మియన్ కాలపు బొగ్గు! తండ్రి ఇంగ్లండులో ఏ కాలపు శిలాజాలకు భాష్యం చెప్పారో, ఆ కాలపు అడవుల అవశేషమే కొడుకుకు తెలంగాణలో లభించింది. 1886లో ఆంగ్ల సంస్థ అయిన హైదరాబాదు దక్కను కంపెనీ గని హక్కులు పొందింది. 1889లో ఇల్లందులో భూగర్భ గని తవ్వకం మొదలైంది. అక్కడి ఒక బొగ్గుపొరకు కింగ్ పేరే పెట్టారు.

ఆయన ప్రాణహిత-గోదావరి లోయను గురించిన గ్రంథాన్ని 1881లో ప్రకటించారు. చినిగిన పుటలలో పెక్కు ఈ లోయలోనే ఉన్నాయి. బొగ్గు పొరల పైన మలేరి శిలలు, వాటిపైన కోట శిలలు. మలేరి శిలలు ట్రయాసిక్ కాలానివి, కోట శిలలు జురాసిక్ కాలానివి. ఆ కోట శిలలలోనే తరువాత బరపాసారస్, కోటాసారస్ అనే మహాకాయ డైనోసార్ల అస్థికలు బయల్పడినాయి. కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్సు కేంద్రంలో నిలబెట్టారు.

కింగ్ 1887 నుంచి 1894 వరకు సర్వేక్షణ సంస్థకు అధిపతిగా ఉన్నారు. ఆయన పదవి విడిచిన రెండేళ్లకు, 1896లో, రేడియోధార్మికత బయటపడింది. శిలల వయస్సును సంవత్సరాలలో లెక్కించే సాధనం దాని వల్లనే సిద్ధించింది. కోట్ల సంవత్సరాల అంకెలు చేతికి వచ్చినా, కింగ్ నిర్ణయించిన ప్రధాన వరుస తారుమారు కాలేదు. అంకెలు ఆ వరుసలోనే ఒదిగినాయి.

జహీరాబాదుకు దూరం కాని వికారాబాదు సమీపాన నస్కల్ గ్రామం ఉన్నది. అక్కడ లావా ప్రవాహాల నడుమ చిక్కిన సన్నని పొరలో అతి చిన్న క్షీరద జంతువు దంతాలు లభించాయి. ఆ జంతువుకు దక్కనోలెస్టిస్ అని 1988లో నామకరణం చేశారు. డైనోసార్ల కాలం ముగుస్తున్న వేళ, రానున్న క్షీరద యుగానికి అది అంకురం. జహీరాబాదు నల్లరాయి ఏ యుగసంధిలో పుట్టిందో ఆ చిన్న దంతాలు తెలుపుతున్నాయి.

కాల విభజన పట్టికను విద్యార్థులు తరచు పరాయి నామాల జాబితాగా కంఠస్థం చేస్తారు. పాపఘ్ని నుంచి సింగరేణికి, సింగరేణి నుంచి కోటకు, కోట నుంచి జహీరాబాదుకు వరుస చూపి బోధిస్తే ఆ పట్టిక మన నేలదే అవుతుంది. ఆ వరుసలో అధిక భాగాన్ని కాలినడకన కూర్చిన కింగ్‌కు అంతకు మించిన స్మారకం లేదు.