డార్విన్ మాటకి ఫ్రెంచి మాట వెతికినావిడ

ఇంగ్లీషు మాటని ఇంకో భాషలో చెప్పడం ఏమంత పని, చేతిలో డిక్షనరీ ఉంటే చాలదూ అనేవాళ్లకి నేను క్లెమాన్స్ రువాయే కథ చెబుతూ ఉంటాను. ఒక్క మాట కోసం నాలుగేళ్లు విమర్శలు భరించిన మనిషి ఆవిడ.

క్లెమాన్స్ 1830లో ఫ్రాన్సులోని నాంత్ పట్నంలో పుట్టింది. తండ్రి సైన్యంలో కెప్టెను, తల్లి కుట్టుపని చేసే మనిషి. 1849లో తండ్రి పోయాడు. వెనక ఆస్తి లేని ఆడపిల్లకి ఆ రోజుల్లో ఉన్న దారులెన్ని? పెళ్లి, కాకపోతే పంతులమ్మ ఉద్యోగం. ఆవిడ రెండోదే ఎంచుకుంది. లెక్కలు, ఫ్రెంచి, సంగీతం నేర్పడానికి సర్టిఫికెట్లు సంపాదించి, 1854లో వేల్సులోని హావర్‌ఫర్డ్‌వెస్ట్ అనే ఊళ్లో ఆడపిల్లల బడిలో చేరింది. ఇంగ్లీషు పట్టుబడింది అక్కడే.

1856లో ఉద్యోగం వదిలేసి స్విట్జర్లాండులోని లొజాన్ చేరింది. అక్కడి లైబ్రరీయే ఆవిడ కాలేజీ. చదివినదాన్ని తన దగ్గరే దాచుకోకుండా ఆడవాళ్లకి తర్కం, సైన్సు ఉపన్యాసాలుగా చెప్పింది. 1860లో ఆ రాష్ట్ర ప్రభుత్వం పన్నుల మీద వ్యాసాల పోటీ పెడితే, పేరుమోసిన ప్రూధోన్‌కి మొదటి బహుమతి వచ్చింది, ఈవిడ రెండో స్థానంలో నిలిచింది!

ఇంతలో డార్విన్ ‘జాతుల పుట్టుక’ 1859లో వెలువడింది. ఫ్రెంచి అనువాదానికి ముందు అడిగింది లూయీజ్ బెలోక్ అనే ఆవిణ్ణి. మరీ సాంకేతికంగా ఉందని ఆవిడ వద్దనుకుంది. ఆ పని క్లెమాన్స్ తలకెత్తుకుంది. జీవశాస్త్రపు మాటల దగ్గర జెనీవా శాస్త్రవేత్త క్లపరేద్ సాయం చేశాడు.

చిక్కంతా డార్విన్ పుస్తకానికి ప్రాణంలాంటి ‘నేచురల్ సెలెక్షన్’ దగ్గర వచ్చింది. ‘సెలెక్షన్’ అనే మాట అప్పటికి మామూలు ఫ్రెంచి వాడుకలో లేదు. తమ భాషలో ఉన్న ‘ఎలెక్సియోన్’ని తీసుకుని ‘ఎలెక్సియోన్ నాచ్యురెల్’ అని పెట్టింది. మన ‘ఎన్నిక’ లాంటి మాటే అది. ఎన్నిక అనగానే ఎన్నుకునేవాడెవడు అన్న ప్రశ్న రాదూ? విమర్శకులు పట్టుకున్నది సరిగ్గా అక్కడే. ప్రకృతికి కళ్లున్నాయా, బుద్ధి ఉందా, ఎంచుకోవడానికి అని ఎద్దేవా చేశారు. నిజానికి ఆ చిక్కు ఇంగ్లీషు మాటలోనూ ఉంది. మన పాఠ్యపుస్తకాల్లోని ‘ప్రకృతి వరణం’లో మాత్రం లేదా? వరణం అంటే కోరి ఎంచుకోవడమే కదా, స్వయంవరంలో లాగా!

జీవుల మధ్య మనుగడ పోరాటానికి ఆవిడ పెట్టిన మాట ‘కాంకురాన్స్ విటాల్’, అంటే బతుకుకోసం పోటీ. కాంకురాన్స్ బజారులో వర్తకుల పోటీకి వాడే మాట. పన్నుల మీద పుస్తకం రాసిన మనిషి కలంలోకి ఆ మాట రావడంలో నాకేమీ వింత కనిపించదు.

1862లో అనువాదం వచ్చింది. ఊరికే అనువదించి ఊరుకోలేదు ఆవిడ. పుస్తకం పేరులోకి డార్విన్ పెట్టని ‘అభ్యున్నతి’ని చేర్చింది. మతాన్ని దుయ్యబడుతూ పెద్ద ముందుమాట రాసింది. బలహీనుల్ని కాపాడుకుంటూ పోతే సమాజానికి నష్టమని అందులో వాదించింది. ఆ మాట నా మనసు ఒప్పుకోదు. మనిషి గొప్పదైనంత మాత్రాన చెప్పినవన్నీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు కదా. డార్విన్ సందేహం వెలిబుచ్చిన చోటల్లా సందేహమెందుకు, ఇది నిజమేనంటూ కింద నోట్సు కూడా పెట్టింది! ఆవిడ యూరప్‌లోకెల్లా తెలివైన, వింతైన ఆడవాళ్లలో ఒకరై ఉంటుందని డార్విన్ స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

1866లో వచ్చిన రెండో ముద్రణలో ‘ఎలెక్సియోన్’ పోయి ‘సెలెక్సియోన్’ వచ్చింది. పేరులోని ‘అభ్యున్నతి’ కూడా ‘పరివర్తన’గా మారింది. 1870లో మూడో ముద్రణ వచ్చింది. డార్విన్ ఈలోగా చేసిన మార్పులు అందులో చేర్చలేదు, పైగా ముందుమాటలో ఆయన కొత్త సిద్ధాంతాన్ని తప్పుపట్టింది. ఆయనకి కోపం వచ్చి వేరే అనువాదకుణ్ణి చూసుకున్నాడు.

ఇంటి సంగతి చూస్తే అదీ సుళువుగా సాగలేదు. ఆవిడ జీవితం పంచుకున్న పాస్కల్ ద్యుప్రా అప్పటికే పెళ్లయినవాడు. ఫ్రాన్సులో విడాకుల చట్టం లేని కాలం. 1866లో వాళ్లకి కొడుకు పుట్టాడు. చంటిబిడ్డతో ఉన్న మనిషి అదే ఏడాది రెండో ముద్రణ తెచ్చిందంటే, ఇల్లు చూసుకుంటూ కాగితాలు ముందేసుకునే మనలాంటివాళ్లకి ఆ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు. 1870లో పారిస్ మానవశాస్త్ర సంఘం ఆవిణ్ణి సభ్యురాలిగా తీసుకుంది. అక్కడ అడుగుపెట్టిన మొదటి స్త్రీ ఆవిడే. అయినా, కాన్పుల విషయంలో ఆడవాళ్ల వైపు నుంచి ఆవిడ మాట్లాడిన వ్యాసాన్ని ఆ సంఘమే అచ్చు వేయకుండా ఆపింది.

1885లో ద్యుప్రా పోయాక చేతిలో డబ్బాడలేదు. 1891లో నెయ్యీలోని వృద్ధుల ఆశ్రమానికి చేరింది. ఆడవాళ్లే నడిపిన ‘లా ఫ్రాండ్’ పత్రికకి అక్కణ్ణించే వ్యాసాలు రాసింది. 1900లో ప్రభుత్వం లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. 1902లో కన్నుమూసింది.

అనువాదకురాలు అంటే ఇంకొకరి మాట మోసే మనిషని చాలామంది ఉద్దేశం. క్లెమాన్స్ మోసింది, మోస్తూ మోస్తూ తన మాటా కలిపేసింది. అది తప్పా ఒప్పా అని నన్నడిగితే, నోట్సులో కలిపినందుకు తప్పనే అంటాను. కానీ భాషలో లేని మాట కోసం వెతికి, నలుగురూ నవ్వినా ముందుగా ఒకటి పెట్టిన ధైర్యం మాత్రం ఒప్పే. ‘ఎలెక్సియోన్’ నిలవలేదు, ‘కాంకురాన్స్ విటాల్’ ఫ్రెంచిలో చాలాకాలం నిలిచింది.